గోదావరి చివరి దీవులు

ఈ సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంపాదక మిత్రులు కోరినప్పుడెల్ల, కాలము విలువను గూర్చియో క్రమశిక్షణను గూర్చియో రెండు పుటలు నింపి ఋణము తీర్చుకొనుచు వచ్చితిని. విద్యార్థులు వానిని చదువలేదని నేనెరుగుదును. చదివినట్లు నటించినవారికి కృతజ్ఞుడను. ఈ యేట మాత్రము చెప్పవలసిన సంగతి యొకటి నిజముగానే యున్నది. గడచిన క్రిస్మసు సెలవులలో ముగ్గురు మిత్రులతో గూడ తీరప్రాంతమునకు పోయి, గోదావరి సముద్రమున గలియు చోటును, ఆ నడుమనున్న లంకలను, కాకినాడ యెదుటి యిసుక దీవిని చూచి వచ్చితిని. నలుబదియారేండ్ల వయస్సున సముద్రమును చూచుట నాకదియే మొదటిసారి.

ఇందులో వింతయేమని పెద్దలు అడుగవచ్చును. మన కరీంనగరునకు సముద్రము మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. చూడనివారు వేలకొలది యున్నారు. కాని నేను భూగోళము చెప్పు ఉపాధ్యాయుడను. ఇరువది యేండ్లకు పైగా నల్లబల్లమీద నీలిసుద్దతో అలలు గీయుచు, నారింజపండును దీపమును పెట్టి ఆటుపోటులను, పళ్ళెము నీటిలో బోర్లించిన గిన్నెను చూపి ద్వీపమును బోధించితిని. పిల్లలను దిగువ మానేరు జలాశయపు కట్టమీదికి నడిపించి, "సముద్రమనగా నిట్టిదే, ఆవలిగట్టు మాత్రము కనబడదు" అని చెప్పుచుంటిని. ఎండకాలమున ఆ జలాశయమునకు ఆవలిగట్టే కాదు, అడుగుగూడ అక్కడక్కడ కనబడుచుండును. పిల్లలు మర్యాదస్థులు గనుక నవ్వలేదు.

ప్రయాణమునకు ముందు ఒక పాత సంగతి చెప్పవలెను. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ధర్మపురి వైపు గోదావరి యొడ్డు పల్లెనుండి వచ్చిన బెస్తవారి బాలుడొకడు ఏడవ తరగతిలో నుండెను. ఒకదినము నేను "నలువైపుల నీటిచే చుట్టబడిన భూభాగము ద్వీపము" అని చెప్పి అందరిచేత మూడుమారులు వల్లింపజేయగా, అతడు లేచి నిలిచెను.

"సార్, మా గోదాట్ల దిబ్బలు యేటేట జరుగుతయి. పోయినేడు మా నాయిన తర్బూజ పెట్టిన దిబ్బ గీయేడు ఆడ లేదు, కిందికి పోయింది."

తరగతి యంతయు గొల్లుమనెను. భూమి నడచునా యని నేనును నవ్వితిని. అంతటితో పోయిన బాగుండును. పరీక్షలో ఆ ప్రశ్నయే యిచ్చితిని. అతడు నిర్వచనమును సరిగానే వ్రాసి, దాని క్రింద "అది నడుస్తది" అని యొక వాక్యము చేర్చెను. నేను సున్న వేసి, ఎగతాళి చేసితివా యని అరచేత రెండు దెబ్బలు కొట్టితిని. అతడు ఏడువలేదు. పదవ తరగతి ముగియువరకు నా పాఠములో మరి యే ప్రశ్నయు అడుగలేదు. దానిని ఆనాడు నేను క్రమశిక్షణ యనుకొంటిని.

ఇక ప్రయాణము. మేము నలుగురము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఒకే గదిలో నుండినవారము. ఒకరు నిర్మలులో గణితము, ఒకరు మంచిర్యాలలో తెలుగు, ఒకరు జగిత్యాలలో వ్యాయామము బోధించుచున్నారు. నేటికిని ఒకరినొకరము పాఠ్యవిషయముల పేర్లతోనే పిలుచుకొందుము. కావున నేను వారికి "భూగోళము". పాత ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలు 2016వ సంవత్సరములో విడిపోయి పెక్కు జిల్లాలైనవి గాని, మా మాటలలో నింకను రెండే జిల్లాలు, నడుమ గోదావరి హద్దు. ఆ హద్దు ఎచట ముగియునో చూచి వత్తమని తెలుగుగారు ప్రతిపాదించిరి. గణితముగారు ఖర్చు లెక్కవేసిరి. వ్యాయామముగారు తాము మానేరులో ఈదినవారమని, సముద్రము తమకొక లెక్క కాదని చెప్పిరి. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

పెద్దపల్లిలో రాత్రి రైలెక్కి, బెజవాడలో బండి మారి, భీమవరము మీదుగా నరసాపురము చేరితిమి. అక్కడ రైలుదారి ముగియును. పట్టణము ప్రక్కగా వసిష్ఠ గోదావరి పారును. ధవళేశ్వరము దాటినపిమ్మట గోదావరి గౌతమి, వసిష్ఠ యని చీలుననియు, వసిష్ఠనుండి వైనతేయ మరల చీలుననియు నేను పటముమీద కఱ్ఱతో చూపని యేడు లేదు. కాని పటములో వసిష్ఠ ఒక సన్నని నీలిగీత. ఇక్కడ అది మనుష్యులను, మోటారు బండ్లను, గడ్డిమోపులను పంటిమీద నెక్కించుకొని ఆవలి సఖినేటిపల్లికి చేర్చుచున్న వెడల్పైన నీరు. మేము ఎక్కబోవు నప్పటికి నీరు రేవు మెట్లలో క్రిందివరకు దిగియుండెను. పంటి నడుపువానిని "ఎప్పుడు నిండును?" అని అడుగగా, "నిన్న ఈ పాటికి పోటు తగిలేసిందండి, ఇయ్యాల ఇంకో గంట పట్టుద్దండి" అనెను. పోటు ప్రతిదినము సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చునని నేను ఎన్నిమారులు చెప్పియుందునో! నారింజపండు లేకుండనే అతనికది తెలియును. సముద్రము ఇంకను కొన్ని మైళ్ళ దూరమున నుండగానే దాని యూపిరి నదిలో ఆడుచుండుట చూచి నాకు ఒడలు పులకరించెను.

సఖినేటిపల్లినుండి అంతర్వేదికి కొబ్బరితోటల నడుమ పోయితిమి. అక్కడ లక్ష్మీనరసింహస్వామి దేవాలయమును చూచి తెలుగుగారు నిలిచి, "మన ధర్మపురిలోను నరసింహుడే, ఇక్కడను నరసింహుడే, ఒకే నది యొడ్డున నిద్దరును" అనిరి. అన్నాచెల్లెళ్ళ గట్టని పిలుచు చోట నది సముద్రమును కలియును. నేను ముందుగా సముద్రమును చూడలేదు, వింటిని. సరుగుడు చెట్ల వెనుకనుండి, ఆగని బండి యేదో పోవుచున్నట్లు మ్రోత వినవచ్చెను. చెట్లు దాటగానే నేలయంతయు ముగిసెను. ఇంతకంటె చెప్పుటకు నాకు చేతగాదు. పిల్లలకు ఇన్నేండ్లు చెప్పిన మాటలలో "ఆవలిగట్టు కనబడదు" అన్నదొక్కటే నిజముగా నిలిచెను. తెలుగుగారు నీరు పుడిసిలించి నాలుకకు తగిలించుకొని, ఉప్పని తెలిసియు, ఉప్పగా నున్నదని మా ముగ్గురికిని వేరువేరుగ తెలియజేసిరి.

నాసిక సమీపమున త్ర్యంబకమువద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు నడచి, మన బాసరను, ధర్మపురిని, మంథనిని, కాళేశ్వరమును తాకి వచ్చిన నీరు ఇదియే. రంగు మాత్రము వేరు. మట్టినీరును ఉప్పునీరును కలియుచోట ఒక గీత వంకరలు పోవుచు కదలుచుండెను. దానిని చూచుచు చాలసేపు నిలుచుంటిమి.

మరునాడు రాజోలు మీదుగా పి.గన్నవరము పోయితిమి. వైనతేయ మీదుగా కాలువను దాటించు అక్విడక్టు అక్కడ నున్నది. నది క్రిందను, కాలువ పైనను! 1850వ దశకమున కట్టిన పాతదాని ప్రక్కనే 2000వ సంవత్సరమున వచ్చిన క్రొత్తది యున్నది. దానికి అన్నదానముచే ప్రసిద్ధికెక్కిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గణితముగారు పాతదాని కమానులను లెక్కింప మొదలిడి, రెండుమారులు రెండు సంఖ్యలు రాగా, ఆ సంగతి యెవరికిని చెప్పవద్దనిరి.

అచ్చటినుండి పడవపై ఒక లంకకు దాటితిమి. నేను మిమ్ములను తీసికొనిపోదలచినది ముఖ్యముగా నిచటికే. లంక యనగా నదీగర్భమున ఒండ్రు పేరుకొని యేర్పడిన దీవి. కోనసీమలో ఇట్టివి అనేకములు. ఊళ్ళ పేర్ల చివర "లంక" యని వినినప్పుడెల్ల అది ఒకనాడు నది చేసిన నేలయని తెలిసికొనవలెను. నల్లని మెత్తని నేల. కొబ్బరి, అరటి, కూరగాయలు. వరదలు వచ్చిన దినములలో పిల్లలు బడికి పడవలోనే పోవలెను. మాకెదురైన రైతు అరువది యేండ్లు దాటినవాడు. మేమెవరమో చెప్పగానే "ఆయ్, మాస్టర్లాండీ, రండి రండి" అని ఇంటికి పిలిచి కొబ్బరిబోండాలు కొట్టి యిచ్చెను. మా యింటివారు కట్టి యిచ్చిన సకినాలు మేము తీసితిమి. ఆయన భార్య వానిని త్రిప్పి త్రిప్పి చూచి, "చుట్లు ఎంత బాగా తిప్పారండీ, ఇది చేతితోనేనా?" అని యడిగెను. చేతితోనే యని చెప్పితిని. ఆ ప్రశంసను ఇంటికి తెచ్చి యిచ్చితిని. నేను తెచ్చిన వస్తువులన్నిటిలోను దానికే ఆదరము దొరకెను.

పిమ్మట రైతు మమ్ములను తోట చివరకు తీసికొనిపోయెను. అక్కడ తోట కోసివేసినట్లు ఆగిపోయెను. ఒడ్డు నిలువుగా తెగి, రెండు నిలువుల క్రింద నది. అంచున నున్న కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళు బయటపడి నీటివైపు వంగియుండెను. ఒకటి తల నీటిలో పెట్టి పడియుండెను. మేము నిలుచుండగనే మట్టిపెళ్ళ యొకటి జారి, పెద్ద చప్పుడు లేకయే నీటిలో కలిసెను. రైతు అటువైపు చూడనైన చూడలేదు. నది నడుమకు వేలుచూపి, "మా తాతగారి పొలం అదిగోనండి" అనెను. అక్కడ నీరు తప్ప ఏమియు లేదు. "పట్టా నా పెట్టెలో ఉందండి, పొలం గోదాట్లో ఉందండి."

"మరి ఆ మట్టి యంతయు ఏమైనది?" అని నేనడిగితిని.

"ఎక్కడికి పోద్దండి? అదిగో ఆ దిగువన దిబ్బ లేస్తంది చూడండి, అలా నడుచుకుంటా పోద్దండి."

నడచుకొనుచు పోవును! నా చెవులలో ఇరువది యేండ్లనాటి తరగతి గొల్లుమనెను. నవ్వినవారిలో నా గొంతుకయే అందరికంటె పెద్దగా వినబడెను.

రైతు ఇంకను చెప్పుచుండెను. 1986 ఆగస్టు వరదలో తాము ఇంటికప్పుపై రాత్రులు గడిపిన సంగతి చెప్పెను. అయినను వరదమీద ఆయనకు కోపము లేదు. వరద తీసికొనిపోవునట్లే తెచ్చియు ఇచ్చును. "ఇదివరకు ఎర్రనీళ్ళొచ్చి ఎళ్ళాక పొలం మీద ఒండ్రు పడేదండి. ఇప్పుడు పైన అన్ని చోట్లా ఆనకట్టలు కట్టాక ఒండ్రు అక్కడే ఆగిపోతందండి. కోత మాత్రం ఆగలేదండి." పిమ్మట మా ముఖములు చూచి నవ్వి, "ఈ లంకంతా మీ వైపు మట్టేనండి మాస్టారూ" అనెను.

నేను బదులు చెప్పలేకపోయితిని. 1963లో పునాది వేసిన శ్రీరామసాగరపు నీరు కాకతీయ కాలువలో పారి మన జిల్లా పొలములను తడిపినది; నా తండ్రి వరి పండించి నన్ను చదివించినది ఆ నీటితోనే. జలాశయములలో మట్టి అడుగున చేరునని, చివరనున్న భూములకు అది చేరదని పుస్తకములలో నున్నది. నేనును ఒక వాక్యములో చెప్పి దాటిపోవుచుంటిని. ఇసుక త్రవ్వకములును కోతకు కొంత కారణమని గణితముగారు చెప్పబోయిరి, అదియు నిజమే. కాని ఆ పెద్దమనిషి మమ్ము నిందింపలేదు. తన నేలకు పుట్టిల్లు మాది యని బంధుత్వము కలుపుకొనెను. వచ్చునప్పుడు అరటిగెల యొకటి యిచ్చి పంపెను. దానిని మోయుట నాలుగు దినములు మాలో వివాదమాయెను.

అమలాపురము దాటి, యెదుర్లంకవద్ద వంతెనమీద గౌతమిని దాటి యానాము చేరితిమి. 1954 వరకు ఇది ఫ్రెంచివారి యేలుబడిలో నుండినది. నేటికిని పుదుచ్చేరిలోని భాగము. దానికావల కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవుపట్టణము. ఇటునుండి పోయిన తెలుగువారికి బర్మాలో "కోరంగీలు" అను పేరే పడినది. 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలకు ఆ రేవు తుడిచిపెట్టుకొని పోయెను. నేడు అక్కడ మడ అడవులు. 1978నుండి అది వన్యప్రాణుల అభయారణ్యము. చెట్లవేళ్ళు బురదలోనుండి గాలికొరకు పైకి లేచి, పెన్సిళ్ళు గ్రుచ్చినట్లు నిలిచియుండును. అందమైన చోటు, కాని నా మనసు లంకమీదనే యుండుటచేత ఎక్కువ వ్రాయలేకున్నాను.

ఆ రాత్రి కాకినాడ వసతిలో మిత్రులకు బాలుని సంగతి చెప్పితిని. ఎవరికిని ఇదివరకు చెప్పియుండలేదు. తెలుగుగారు "అందరము కొట్టినవారమే" అనిరి. ఆ మాట నిజమే గాని నాకు హాయి కలిగింపలేదు. గణితముగారు చాలసేపు ఊరకుండి, "సున్నను దేనిచేత గుణించినను సున్నయే, భూగోళమా; దానికి ఏదైన కలుపవలెను" అనిరి. వ్యాయామముగారు నిద్రపోవుచుండిరి.

మరునాడుదయము అనుమతి పొంది హోపు ఐలాండునకు పడవలో పోయితిమి. రేవు దాటిన పావుగంటలో వ్యాయామముగారు మాటలు మానిరి; అరగంటలో పడవ అంచును రెండుచేతులతో పట్టుకొని, మానేరు గొప్పదనము సముద్రమునకు చెల్లదని క్రియారూపముగా ఒప్పుకొనిరి. ఆ దీవి సుమారు 16 కిలోమీటర్ల పొడవుగల సన్నని యిసుకతిన్నె. గోదావరి తెచ్చిన మట్టిని, ఇసుకను సముద్రపు కెరటములు ప్రక్కకు త్రోసి పేర్చగా గత రెండువందల యేండ్లలో నేర్పడినది. కాకినాడ రేవుకు అది గోడవలె నిలిచి అలలను ఆపుచున్నది. ఒకవైపు నిలిచిన నీరు, మడచెట్లు. రెండవవైపు ఎడతెగని కెరటములు. ఒక దీపస్తంభమును, కొన్ని జాలరి గుడిసెలును కలవు. వల బాగుచేయుచున్న వృద్ధుడొకడు, వచ్చు నెలనుండి తాబేళ్ళు రాత్రులందు ఒడ్డుకు వచ్చి యిసుకలో గ్రుడ్లు పెట్టునని చెప్పెను. ఆలివ్ రిడ్లీ యను జాతివి అవి.

"ఈ దీవి ఎప్పుడును ఇట్లే యున్నదా?" అని నేను కావలెననియే అడిగితిని. ఆయన వల విడువకయే ఉత్తరపు కొసవైపు గడ్డము త్రిప్పి, తన చిన్ననాట అది అంత దూరము లేదని, ఇటు కొంత పోయి అటు కొంత పెరిగినదని చెప్పెను. ఆవల ఉప్పాడ తీరమున ఇండ్లే సముద్రములో పడిపోవుచున్నవని కూడ చెప్పెను. నేను నా చిన్న పుస్తకములో దానినంతయు వ్రాసికొంటిని. "ఎందుకు బాబూ రాత?" అని యడిగెను. పిల్లలకు చెప్పుటకని చెప్పితిని.

ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారము ఆరాధన ముగించుకొని ధర్మపురికి పోయితిని. ఆ పల్లెలో రేవువద్ద బాలుని తండ్రి కనబడెను. ముసలివాడయ్యెను గాని నన్ను గుర్తించి, "మా పిలగాడు బహ్రేనుల ఉన్నడు సారూ, పదేండ్లాయె" అని చెప్పి, కుమారుని ఫోను సంఖ్య నిచ్చెను. బహ్రేనును ద్వీపమే గదా యని అప్పుడు తోచెను. గోదావరి సన్నగా పారుచుండెను. నడుమ నొక దిబ్బమీద తర్బూజ తీగలు. ఈ యేటి దిబ్బ యని ముసలివాడు చెప్పెను.

ఆ సాయంకాలము ఫోను చేసితిని. ఎట్లు మొదలుపెట్టవలెనో తెలియక, పరీక్షలో పాఠము అప్పగించు బాలునివలె ఒక్క గుక్కలో చెప్పివేసితిని: ఏడవ తరగతిలో ద్వీపమును గూర్చి నీవు వ్రాసిన సమాధానము సరియైనది, నేను సున్న వేసి కొట్టుట తప్పు. అవతల కొంతసేపు మాట లేదు.

"దెబ్బలు యాదికున్నయి సార్" అనెను. "ఎందుకు కొట్టిన్రో యాదికి లేకుండె."

నాకు గొంతు పెగలలేదు. అతడే మరల మాటాడెను.

"ఈడ సముద్రంల ఇసుక పోసి భూమి చేస్తున్నరు సార్. నేను చేసేది గా పనే."

అది ఎట్లు చేయుదురో చెప్పుమని అడిగితిని. ఇసుకను ఎచటినుండి తోడుదురో, గొట్టములలో ఎట్లు పంపుదురో, పోసిన నేల కదలకుండ అంచున రాళ్ళు ఎట్లు పేర్చుదురో, కొంత నేల యెట్లయినను కదలునో నలుబది నిమిషములు చెప్పెను. నేను వ్రాసికొంటిని. రెండుచోట్ల అర్థము కాక మరల అడుగగా, విసుగుకొనక మరల చెప్పెను.